ఇమ్తిహాన్ పాసైతేనే పైసా

బడికి సర్కారు పైసా ఎలా ఇవ్వాలన్న బహస్ పాతదే. 1854లో వుడ్ డిస్పాచ్ ప్రైవేటు బడులకు గ్రాంటు బాట వేసింది. 1860ల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఇంకో తర్కీబ్ తెచ్చింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇమ్తిహాన్ పెడతాడు, పాసైన పిల్లల్ని లెక్కబెట్టి గ్రాంటు ఇస్తారు. ఇంగ్లండులో రాబర్ట్ లో 1862లో పెట్టిన కాయిదా ఇదే. మన చోడవరం అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే (విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి అనాలి, అలవాటు పోదు).

పైకి ఇన్సాఫ్‌లాగే ఉంటుంది. కానీ ఉస్తాద్ ఏం చేస్తాడు? ఇన్‌స్పెక్టర్ అడిగేదే బట్టీ పట్టిస్తాడు. మక్తబ్‌లో ఖురాన్ చదివే పిల్లవాడి మెహనత్‌కు ఆ లెక్కలో చోటే లేదు, గ్రాంటు దునియావీ చదువుకే. 1882 హంటర్ కమిషన్ ముస్లింల తాలీమ్‌కు ప్రత్యేక ప్రోత్సాహం అవసరమనీ, స్థానిక, మునిసిపల్, ప్రొవిన్షియల్ నిధుల నుంచి దానికి ఖర్చుపెట్టడం జాయజేననీ సిఫారసు చేసింది. అంగ్రేజు దొరలకే సమఝ్ అయిన సంగతి!

2022లో పీఎం శ్రీ వచ్చింది. 27,360 కోట్ల రూపాయలు, 14,500కు పైగా బడులు, ఎంపిక పోటీతో. ఆంధ్రప్రదేశ్ చేరింది. తమిళనాడు చేరకపోతే దాని సమగ్ర శిక్షా పైసా ఆగింది. ఇదేం ఇన్సాఫ్? పైగా దరఖాస్తు పెట్టాలంటేనే బడికి మంచి స్థితిలో పక్కా భవనం ఉండాలి. గోడ కూలిన బడి ఆ షరతు ఎలా దాటుతుంది, జనాబ్?