మారుమనస్సు, క్షమాపణ: ఏది ఎవరి వంతు?

మన సంఘాల్లో తరచుగా వినబడే మాటలు రెండు: మారుమనస్సు, క్షమాపణ. మొదటిది ఉజ్జీవ కూటాల్లో ఎక్కువగా వింటాం. రెండోది కుటుంబ తగాదాలు పెద్దల ముందుకు వచ్చినప్పుడు వింటాం. చిక్కంతా ఈ పంపకంలోనే ఉంది. మారుమనస్సు దేవునికీ తప్పు చేసినవాడికీ మధ్య సంగతి అయిపోయింది, క్షమాపణ దెబ్బ తిన్నవాళ్లు చేయవలసిన పని అయిపోయింది. ఒకడు మోకాళ్లూని కన్నీళ్లతో ప్రార్థిస్తే అతని వంతు తీరిపోయినట్టే. అవతలివాళ్లు మాత్రం ఆ రోజే క్షమించాలి, లేకపోతే వాళ్లది కఠిన హృదయం. వాక్యం ఇలాగే బోధిస్తోందా అన్నది ప్రియ పాఠకులతో కలిసి ఈ వారం పరిశీలిస్తున్నాం.

ముందు మాటల సంగతి చూద్దాం. ప్రవక్తలు ఇశ్రాయేలీయులను పిలిచినప్పుడు ఎక్కువగా వాడిన హెబ్రీ మాట 'షూబ్'. తిరుగు, వెనక్కి మళ్లు అని దాని అర్థం. దారి తప్పినవాడు ఆగి, ఇంటి వైపు నడక మొదలుపెట్టడం అన్నమాట. క్రొత్త నిబంధనలోని గ్రీకు మాట 'మెటనోయియ', అంటే మనసే మారిపోవడం. మన తెలుగు బైబిలు అనువాదకులు దీనికి 'మారుమనస్సు' అనే మాట పెట్టారు. అంతకంటే మంచి మాట దొరకదనే మా అభిప్రాయం.

'పశ్చాత్తాపం' దీనికి దగ్గరి మాటే గాని ఇదే కాదు. పశ్చాత్ అంటే తరువాత, తాపం అంటే మంట. పని జరిగిపోయాక లోపల రగిలే మంట అది. గ్రీకులోనూ దానికి వేరే క్రియ ఉంది. మత్తయి 27:3లో ఇస్కరియోతు యూదా గురించి చెప్పేటప్పుడు ఆ క్రియనే వాడారు, తెలుగు బైబిలులో కూడా అక్కడ పశ్చాత్తాపమనే ఉంది. మంట చెడ్డదని కాదు. మత్తయి 21వ అధ్యాయంలో తండ్రితో పోనని చెప్పిన కొడుకు తరువాత బాధపడి ద్రాక్షతోటకు వెళ్లాడు. అక్కడా అదే గ్రీకు క్రియ. ఆ మంట మనిషిని ఎటు నడిపిస్తుందన్నదే ప్రశ్న. పౌలు కూడా 2 కొరింథీయులకు 7:10లో రెండు రకాల దుఃఖాలను వేరు చేశాడు: ఒకటి మారుమనస్సుకు తీసుకుపోతుంది, ఇంకొకటి మరణానికి.

యూదా సంగతి మనం తేలిగ్గా దాటేస్తాం. అతడు పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణాలు తిరిగి తెచ్చాడు. మన కూటాల్లో చాలామంది చేసేదానికంటే అది ఎక్కువే. కాని అతడు వెళ్లింది ప్రధాన యాజకుల దగ్గరకు. తమకేం సంబంధమని వాళ్లు చేతులు దులిపేసుకున్నారు. పేతురు కూడా అదే రాత్రి వెక్కి వెక్కి ఏడ్చాడు, కాని శిష్యులను విడిచిపోలేదు. యోహాను సువార్తలో బొగ్గుల నిప్పు రెండుసార్లే కనబడుతుంది. 18వ అధ్యాయంలో పేతురు చలి కాచుకుంటూ ప్రభువును ఎరగనన్నది ఒక నిప్పు దగ్గర, 21వ అధ్యాయంలో ప్రభువు అతణ్ణి మూడుసార్లు ప్రశ్నించింది ఇంకో నిప్పు దగ్గర. పాత సంగతి ఎత్తకుండా ఊరుకోవడం ప్రభువుకు చేతకాక కాదు. తప్పు జరిగిన చోటికే అతణ్ణి మళ్లీ తీసుకువెళ్లి, గొర్రెలను మేపే పని చేతికిచ్చాడు.

మారుమనస్సు ఒక పూట జరిగి ముగిసే క్రియ అనుకోవడం పాత పొరపాటే. లాటిను బైబిలులో ఈ మాట ప్రాయశ్చిత్తం చేయమన్న అర్థం వచ్చేటట్టుగా ఉండేది. ఎరాస్మస్ 1516లో గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చు వేయించాక, ఆ మాటకు అసలు అర్థం మనసు మారడమని పండితులు చూడగలిగారు. మరుసటి ఏడు మార్టిన్ లూథర్ రాసిన 95 సిద్ధాంతాల్లో మొదటిదే ఈ విషయం మీద: విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలని ప్రభువు కోరాడని. పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద గొడవ ఆ తరువాతి సంగతి.

మారిన మనసు చేతుల్లో కనబడాలి. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ప్రకారం, ఒకరికి నష్టం చేసినవాడు పాపం ఒప్పుకుని, అసలుకు అయిదో వంతు కలిపి నష్టపోయినవాడికే ఇవ్వాలి. గొర్రెను దొంగిలించి అమ్ముకుంటే ఒకటికి నాలుగు ఇవ్వాలని నిర్గమకాండం 22:1. జక్కయ్యకు ఈ లెక్కలు తెలుసు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలుగా తిరిగిస్తానని అతడు లేచి నిలబడి చెప్పాకనే, ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు ప్రకటించాడు. డబ్బు రక్షణను కొన్నదని కాదు, వచ్చిన రక్షణ డబ్బు సంచి దాకా వెళ్లిందని.

మన సాక్ష్యాల్లో ఈ భాగం ఎందుకు కనబడదు? నేనెంత ఘోర పాపినో అని అరగంట సేపు చెప్పినవారు, అప్పు ఎగ్గొట్టిన పొరుగువాడికి ఎంత తిరిగిచ్చారో ఒక్క నిమిషం కూడా చెప్పరు. పాపాల పట్టిక ఎంత పొడవుంటే సాక్ష్యం అంత బలమైనదన్నట్టు తయారైంది. దేవుని బిడ్డలారా, ఇది ఆలోచించవలసిన సంగతి.

ఇక క్షమాపణ. క్రొత్త నిబంధనలో దీనికి ఎక్కువగా వాడే గ్రీకు క్రియకు వదిలేయడం, పంపివేయడం అని అర్థం. అప్పు కొట్టివేయడానికీ అదే మాట. మత్తయి రాసిన ప్రభువు ప్రార్థనలో ఋణమనే మాట అందుకే ఉంది. అప్పు వదిలేసినప్పుడు ఆ సొమ్ము ఎక్కడికీ మాయమైపోదు. ఇచ్చినవాడు ఆ నష్టాన్ని తన మీద వేసుకుంటాడు. ప్రామిసరీ నోటు చింపేసిన ప్రతివాడికీ ఇది అనుభవమే. సిలువ అర్థం కూడా ఇక్కడే దొరుకుతుంది: దేవుడు చూసీ చూడనట్టు వదిలేయలేదు, తానే భరించాడు.

మత్తయి 18లోని ఉపమానంలో లెక్క ఒకసారి వేసి చూడండి. దేనారం ఒక రోజు కూలి. తలాంతు దాదాపు ఆరు వేల దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. నేటి రోజు కూలి 500 రూపాయలు అనుకుంటే 3,000 కోట్ల రూపాయలు. తోటి దాసుడు అచ్చియున్న నూరు దేనారాలు 50,000 రూపాయలు. ప్రసంగాల్లో ఈ రెండోదాన్ని చిల్లర డబ్బు అంటుంటాం. అది నిజం కాదు. కూలి చేసుకునే ఇంట్లో 50,000 అంటే దాదాపు నాలుగు నెలల తిండి. మనకు జరిగిన అన్యాయం చిన్నదని ప్రభువు ఎక్కడా అనలేదు. దేవుడు మనకు వదిలేసింది దానికంటే ఆరు లక్షల రెట్లు పెద్దదని మాత్రమే చూపించాడు.

ఈ ఉపమానానికి ముందు పేతురు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబులో 'డెబ్బది ఏళ్ల' అనే మాటను సండే స్కూలు పిల్లలు డెబ్బై సంవత్సరాలు అనుకుంటారు. ఏళ్ల అంటే అక్కడ ఏడుల. ఆదికాండం 4వ అధ్యాయంలో లెమెకు పగ తీర్చుకునేందుకు చెప్పిన లెక్కను ప్రభువు క్షమించడానికి తిప్పి వాడాడని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు.

అయితే ఆ అధ్యాయాన్ని పైనుంచి చదవండి. చిన్నవారిని పాడుచేసేవాడి మెడకు తిరుగటిరాయి కట్టడం గురించి 6వ వచనంలోనే ఉంది. తప్పు చేసిన సహోదరుణ్ణి ఒంటరిగా గద్దించడం, వినకపోతే ఒకరిద్దరిని తీసుకువెళ్లడం, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పడం 15 నుంచి 17 వరకు. ఇవన్నీ అయ్యాకే క్షమాపణ మాట వస్తుంది. లూకా 17:3లోనూ గద్దింపు ముందు, అతడు మారుమనస్సు పొందితే క్షమించమనడం తరువాత. అవతలివాడు మారకపోతే? పగను దేవునికి అప్పగించి, మనసులోంచి దాన్ని దింపుకోమని రోమీయులకు 12:19. ప్రభువు సిలువ మీద, స్తెఫను రాళ్ల కింద ప్రార్థించారు. ఇది దెబ్బ తిన్నవాళ్లు ఒంటరిగానైనా చేయగలిగినది. కాని తెగిన సంబంధం తిరిగి కలవడానికి ఇద్దరూ కావాలి. ఈ రెంటినీ ఒకటి చేసేసి మనం చాలా ఇళ్లలో చాలా హాని చేశాం.

తాగి కొట్టే భర్త దగ్గరకు వెళ్లిపొమ్మని, క్షమించడమంటే అదేనని ఒక సహోదరికి చెప్పే సంఘ పెద్ద క్షమాపణ బోధించడం లేదు. ఆమె భర్తను మనసారా క్షమించవచ్చు, అతడు తాగుడు మానేదాకా పుట్టింట్లోనే ఉండవచ్చు, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ కోరవచ్చు. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం కావు. పిల్లల మీద జరిగిన లైంగిక నేరం సంగతైతే సంఘానికి ఎంపికే లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం, తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడమే నేరం. దైవజనుడు క్షమాపణ అడిగాడు కదా, సంఘం పరువు పోతుంది కదా అని నోరు మూయించేవారు తిరుగటిరాయి వచనాన్ని మళ్లీ ఒకసారి చదువుకోవాలి.

1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని వాహనంలోనే సజీవ దహనం చేశారు. గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని దేశమంతా వినేటట్టు చెప్పి, బారిపదాలో కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. అదే సమయంలో న్యాయస్థానాలూ తమ పని చేశాయి. దోషి దారాసింగ్‌కు పడిన జీవిత ఖైదును 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఆమె క్షమాపణ వల్ల కేసు ఆగలేదు, కేసు నడవడం వల్ల ఆమె క్షమాపణ తగ్గలేదు.

పడిపోయి తిరిగి వచ్చినవారిని సంఘం ఎలా చేర్చుకోవాలన్న ప్రశ్న కూడా కొత్తది కాదు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞాపించాడు. ఆ పత్రాలు కొన్ని ఐగుప్తు ఇసుకలో నేటికీ దొరికాయి. చాలామంది క్రైస్తవులు భయపడి బలి అర్పించారు. కొందరు అర్పించకుండానే లంచమిచ్చి పత్రం సంపాదించారు. హింస తగ్గాక వీళ్లంతా ప్రభువు బల్లకు రావాలనుకున్నారు. చెరసాలలో బాధలు పడిన విశ్వాసుల నుంచి సిఫారసు ఉత్తరాలు తెచ్చి, వెంటనే చేర్చుకోమన్నవారు ఒకవైపు. ఎన్నటికీ చేర్చుకోరాదని రోమాలో వేరే సంఘమే పెట్టిన నొవేషియన్ మరోవైపు. 251లో కార్తేజు బిషప్ సిప్రియన్, ఆయన తోటి బిషప్పులు రెండింటినీ కాదన్నారు. ఒక్కొక్కరి సంగతి విడిగా విచారించారు. పత్రం కొన్నవారికి ఒక దారి, బలి అర్పించినవారికి దీర్ఘకాలం పశ్చాత్తాపంలో గడిపే దారి. తలుపు ఎవరికీ శాశ్వతంగా మూయలేదు, ఎవరికీ అడగగానే తెరవలేదు. పాపంలో పట్టుబడిన సేవకుణ్ణి నెల తిరగకముందే ప్రసంగ వేదిక ఎక్కించే మన తొందరను ఆ బిషప్పులు చూస్తే ఏమనేవారో!

క్షమాపణ పొందినవారి కష్టం గురించి ఒక్క మాట. యోసేపు అన్నలను చూసిన రోజునే తానెవరో చెప్పలేదు. బెన్యామీనుకు బదులు తానే దాసుడిగా ఉంటానని యూదా ముందుకు వచ్చేదాకా ఆగాడు. ఒకప్పుడు తమ్ముణ్ణి అమ్మేద్దామన్న నోరే ఇప్పుడు ఇంకో తమ్ముడి కోసం తన్ను తాను ఇచ్చేస్తోంది. అప్పుడు యోసేపు ఆపుకోలేక బిగ్గరగా ఏడ్చాడు, వాళ్లను కౌగలించుకున్నాడు, గోషెనులో స్థలమిచ్చాడు. పదిహేడేళ్ల తరువాత తండ్రి చనిపోయాడు. అన్నలకు మళ్లీ భయం పట్టుకుంది, పాత పగ ఇప్పుడు తీర్చుకుంటాడేమోనని. పదిహేడేళ్లు అతని చేతి అన్నం తిన్నా తమను నిజంగా క్షమించాడని నమ్మలేకపోయారు. తండ్రి చెప్పమన్నాడంటూ కబురు పంపించారు. ఆ కబురు విని యోసేపు మళ్లీ ఏడ్చాడు.