రైఫిలు మీది రంధ్రపు సైటు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాసపురము రైలుబాట వలన పెరిగిన పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దానిని ముఖ్యమైన కూడలిగా చేసికొనెను. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు అది కేంద్రస్థానమైనది. ఊరి నుండి రతన్‌పూరుకు పోవు దారిలో, అర్పా నది చెంత, కోని అను శివారు కలదు. 1983లో స్థాపితమైన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయము అచ్చటనే ఉన్నది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వచ్చిన తెలుగు కుటుంబములు ఈ రైల్వే పట్టణమున తరతరములుగా నివసించుచున్నవి. 1931లో రాయపూరు విజయనగరము మార్గము పూర్తియైన పిమ్మట ఈ రాకపోకలు మరింత సులువైనవి.

ఆ కాలపు రైల్వేతో ముడివడిన మరియొక వ్యవస్థను నేడు పలువురు మరచిరి. అది రైల్వే ఉద్యోగుల స్వచ్ఛంద రైఫిలు దళము. దాని పత్రములు చెదరిపోవచ్చును. దాని మనుష్యులు వెడలిపోయిరి. మిగులునవి ఇనుప వస్తువులు. వానిలో మిక్కిలి చిన్నది, మిక్కిలి సులభముగా పొరపాటుపడదగినది రైఫిలు వెనుక భాగమున బిగించు రంధ్రపు సైటు. వ్యాపారులు దానిని ఎపర్చరు సైటు అందురు. దానిని సరిగా గుర్తించుటకు కొంత శాస్త్రము కావలెను. ఏలయన, తప్పుగా గుర్తించిన వస్తువు తప్పు చరిత్రకు సాక్షి యగును.

మొదట దాని పని తెలిసికొనవలెను. సామాన్యమైన తుపాకికి వెనుక ఒక గంటు, ముందు ఒక మొన ఉండును. కాల్చువాడు గంటును, మొనను, గురిని ఒకే వరుసలోనికి తేవలెను. కాని మానవుని కన్ను మూడు దూరములను ఒకేసారి స్పష్టముగా చూడజాలదు. గంటుకు మారుగా కంటికి దగ్గరగా ఒక చిన్న రంధ్రము నుంచినచో కన్ను దాని నడిమి బిందువును తానే వెదకికొనును. చిన్న రంధ్రము గుండా చూచునప్పుడు దూరపు వస్తువును, దగ్గరి వస్తువును రెండును స్పష్టపడును. అమెరికాలో విలియం లైమన్ 1879లో ఇట్టి సైటుకు పేటెంటు పొందెను. అతని పేరిటి సైట్లు పిమ్మట అనేక దేశములకు పోయినవి.

ఇక గుర్తించు పద్ధతి. రంధ్రము కనబడినంతనే అది పందెపు కాల్పులకు వాడిన సైటని భ్రమింపరాదు. ఇంగ్లీషు సైన్యపు .303 లీ-ఎన్‌ఫీల్డు రైఫిళ్లకు ఎడమ ప్రక్కన, వెనుక భాగమున, రంధ్రము గల ఒక చిన్న చేయి ఉండెడిది. అది ముందున్న డయలుతో కలిసి పనిచేయును. వేలకొలది గజముల దూరమున గుంపుగా కాల్చుటకు దానిని ఉద్దేశించిరి. 1916 నాటి మార్క్ 3 స్టార్ నమూనాలో దానిని తొలగించిరి. కావున అట్టి చేయి దొరికినచో అది సైనికుని వస్తువే. పందెములతో దానికి పని లేదు.

1914 నాటి ప్యాటర్న్ 14 రైఫిలుకును, 1939లో ఆమోదింపబడిన నంబరు 4 రైఫిలుకును రంధ్రపు సైటు కర్మాగారములోనే అమర్చబడెను. ఈ రెంటిలోను సైటును ఎత్తుటకు, దింపుటకు వీలుండును గాని, గాలివాటమునకు ప్రక్కకు జరుపు మర ఉండదు. ప్రక్క మరయు, సూక్ష్మమైన గీతలును ఉన్నచో అది లక్ష్యాభ్యాసపు సైటు.

ఇండియాలో ఈ విభజన మరింత స్పష్టము. బెంగాల్‌లోని ఇషాపూరు రైఫిలు కర్మాగారము రెండవ ప్రపంచయుద్ధమంతయు గంటు సైటు గల మార్క్ 3 స్టార్ రైఫిలునే చేయుచుండెను. కనుక అట్టి రైఫిలుపై రంధ్రపు సైటున్నచో దానిని ఎవడో విడిగా కొని బిగించెనని తలపవలెను. అనగా అది క్లబ్బును, పందెమును, తీరికను సూచించును.

పేర్లును జాగ్రత్తగా చదువవలెను. బర్మింగ్‌హామ్‌లో పార్కర్ అను పేరున వేరువేరు సంస్థలు రెండుండెను. ఏ.జి. పార్కర్ సంస్థ 1930వ దశకములో పార్కర్-హేల్ అయ్యెను, ఆల్ఫ్రెడ్ జె. పార్కర్ సంస్థకు దీనితో సంబంధము లేదు. పార్కర్-హేల్ వారి 5ఏ లీ-ఎన్‌ఫీల్డు పొట్టి రైఫిలుకు, 5బి ప్యాటర్న్ 14కు, 5సి నంబరు 4కు ఉద్దేశింపబడినవి. ఆ ఒక్క అక్షరము కాలమును నిర్ణయించును. 1920 నాటి స్వచ్ఛంద సైనికునిదని చెప్పబడు సైటుపై 5సి అని ఉన్నచో, ఆ మాట నిలువదు. అది సరిపోవు రైఫిలు అప్పటికి పుట్టలేదు.

అక్షరములు అరిగిపోయినను కొలత మిగులును. నిమిషము అనగా డిగ్రీలో అరువదవ వంతు. నూరు గజముల వద్ద అది సుమారు ఒక అంగుళము. సైటుపై ఒక నిమిషమునకు గీతల నడుమ నుండు దూరమును 3438తో గుణించినచో, ముందు సైటుకును వెనుక సైటుకును నడిమి దూరము వచ్చును. ఆ దూరము 0.009 అంగుళమైనచో లబ్ధము సుమారు 31 అంగుళములు. దానిని రైఫిలుపై కొలిచి చూడవచ్చును. సరిపోలనిచో సైటు వేరొక తుపాకి నుండి వచ్చినది.

ఇంత శ్రమ ఎందులకు? ఈ చిన్న వస్తువు ఎవరి కంటికి ఎదుట నుండెనో తెలియుటకే. 1878 నాటి ఆయుధ చట్టము భారతీయుని లైసెన్సుకై నిలబెట్టెను. యూరోపీయులకును ఆంగ్లో ఇండియన్లకును పెక్కు ఏండ్లు మినహాయింపు నిచ్చెను. 1920 నాటి చట్టముతో స్వచ్ఛంద దళములు ఇండియా సహాయక దళముగా మారినవి. అందును చేరువారు ఆ రెండు వర్గములవారే. బెంగాల్ నాగపూర్ రైల్వేకును అట్టి దళముండెను. ఒకే రైలును నడుపువారిలో కొందరు రంధ్రము గుండా గురిచూడ నేర్చిరి. తక్కినవారు ఆ గురికి ఆవలనే నిలిచిరి. వి.వి. గిరి ఆ రైల్వే కార్మికులను సంఘముగా కూర్చెను. 1927లో ఖరగ్‌పూరు సమ్మె కాలమున సహాయక దళమును కార్మికులపైకి దింపిరి. పందెపు బల్లపై నేర్చిన విద్యకు మరియొక ముఖముండెనని అప్పుడు తెలిసినది.

అయినను న్యాయము రెండు వైపుల ఉండవలెను. ప్రతి పాత సైటును దౌర్జన్యపు గుర్తుగా చూపుట కూడ తప్పే. వానిలో పెక్కు, ఆదివారపు పందెములలో కాగితపు గురిపై తప్ప దేనిపైనను గురిపెట్టి యుండవు. అందుచేతనే ముందుగా తీర్పు చెప్పక, అక్షరమును చదివి, గీతను కొలిచి, మరను చూడవలెను.

1947లో సహాయక దళము ముగిసినది. 1951లో మవలంకర్ అధ్యక్షుడుగా భారత జాతీయ రైఫిలు సంఘము ఏర్పడెను. వర్గభేదము లేని రైఫిలు క్రీడకు అది ఆధారమైనది. 2012లో లండనులో హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ కాంస్య పతకమును గెలిచినది రంధ్రపు సైటు గల గాలి రైఫిలుతోనే. ఒకనాడు కొందరికే దక్కిన ఆ చూపు నేడు అందరిదైనది. ఆ మార్పు ఎంత పెద్దదో తెలియవలెనన్నచో, పాత ఇనుప ముక్కను పారవేయక, దాని అసలు పేరును దానికి తిరిగి ఇయ్యవలెను.