పట్టాలపైకి జంతువు వచ్చినపుడు

కాజీపేట నుండి బల్లార్షా పోవు రైలుకు పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు కాగజ్‌నగరు వరుసగా తగులును. ఈ మార్గము 1929లో పూర్తియై, మద్రాసుకు ఢిల్లీకి నడుమ సూటియైన రైలుదారి యేర్పడినది. నాటి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలకు దీనివలన కలిగిన మేలు కొంచెము కాదు. కాని పశువులు మేతకు నడచు బాటలను, అడవి మృగముల దారులను ఈ ఇనుపదారి అడ్డముగా కోసినది. పట్టాలపై జంతువు నిలిచియుండగా చూచిన డ్రైవరు రైలును ఆపలేడా?

ఈ ప్రశ్న రైలుతోపాటే పుట్టినది. 1830లో ఇంగ్లండులో లివర్‌పూల్-మాంచెస్టరు మార్గము ప్రారంభమైన కాలముననే, గణిత శాస్త్రజ్ఞుడు చార్లెస్ బాబేజి ఇంజను ముందు పశువులను ప్రక్కకు నెట్టు చట్రమును అమర్చవచ్చునని సూచించెను. కంచెలు లేని అమెరికా మార్గములలో అట్టి చట్రములు విరివిగా వాడబడినవి. ఇంగ్లండులో 1845 నాటి చట్టము కంచెలు వేయు బాధ్యతను రైల్వే కంపెనీలపై నుంచినది. బ్రిటిషు ఇండియాలో 1890 నాటి రైల్వే చట్టము, తగిన కంచె గల మార్గముపైకి పశువులు వచ్చినచో వాటి యజమానికి జరిమానా విధించినది. కంచె ఒకచోట, చట్రము మరొకచోట, జరిమానా ఇంకొకచోట! రైలును ఆపుట కష్టమని అందరును గ్రహించిరన్నమాట.

ఎందుకు కష్టము? ఉక్కు చక్రము ఉక్కు పట్టాపై దొర్లునపుడు నిరోధము మిక్కిలి స్వల్పము. అందుచేతనే ఒక్క ఇంజను వేల టన్నుల బొగ్గును లాగగలదు. కాని చక్రమునకు పట్టాకు గల పట్టు కూడ తక్కువే గనుక, బ్రేకు ఎంత గట్టిగా వేసినను వేగము మెల్లగానే తగ్గును. పట్టును మించి బిగించినచో చక్రము దొర్లుట మాని జారును.

ఒక లెక్క చూతము. బ్రేకు వేసినపుడు రైలు వేగము ప్రతి సెకనుకు 0.6 మీటరు చొప్పున తగ్గుననుకొందము. గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోవు రైలు సుమారు 26 మీటర్లలో ఆగును. 100 కిలోమీటర్ల వేగముతో పోవు రైలుకు సుమారు 640 మీటర్లు కావలెను. వేగము 5 రెట్లయినచో దూరము 25 రెట్లగును. గతిశక్తి వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగుటయే దీనికి కారణము. డ్రైవరు చూచి బ్రేకు వేయుటకు పట్టు రెండు సెకన్లలో వేగపు రైలు మరి 55 మీటర్లు ముందుకు పోవును.

నీలగిరి కొండ రైలు వంటి వారసత్వ యాత్రా రైళ్లు నెమ్మదిగా నడచును. కనుక ఏనుగులు అడ్డు వచ్చినపుడు వాటిని ఆపి, అవి దాటిన పిదప నడిపిన సందర్భములు కలవు. మన కాగజ్‌నగరు వద్ద పోవు ఎక్స్‌ప్రెస్‌లకు ఆ వెసులుబాటు లేదు. మలుపు చాటున నిలిచిన ఎద్దు కంటబడునప్పటికే సమయము మించిపోవును. నష్టము కాపరికి మాత్రమే కాదు; పెద్ద పశువును ఢీకొన్న రైలు పట్టాలు తప్పవచ్చును.

ఈ ప్రాంతమున మరియొక సమస్యయు కలదు. కవ్వాల్ అడవి 2012లో పులుల సంరక్షణ కేంద్రమైనది. మహారాష్ట్రలోని తాడోబా నుండి కాగజ్‌నగరు అడవుల మీదుగా వచ్చు పులుల దారిని ఈ రైలుమార్గము ఖండించుచున్నది. కొత్త పులులు రానిచో ఆ అడవిలో పులుల సంతతి నిలుచుట కష్టము.

కనుక రైలును ఆపుటకన్న ముందుగా జంతువును కనిపెట్టుట, దానికి వేరు దారి చూపుట మేలు. తమిళనాడులోని మదుక్కరై వద్ద 2024లో ఏనుగులను గుర్తించి హెచ్చరించు కెమెరాలు నెలకొల్పబడినవి. పట్టాల క్రింద జంతువులు దాటుటకు సొరంగదారులు కట్టుట, మలుపుల వద్ద పొదలు కొట్టుట, రాత్రివేళ వేగము తగ్గించుట ఇతర ఉపాయములు. వేగమును సగము చేసినచో ఆగు దూరము నాలుగవ వంతగును. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయించినచో, రైలుకట్ట ప్రక్కన పశువులను మేపు ఇండ్ల పిల్లలకు అది ఎంతయు ఉపకరించును.