అంగస్తంభన లోపానికి కాంతి చికిత్స: చరిత్ర

హైదరాబాదు దగ్గరి చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి దారుల్లో చీకటి పడ్డాక వెళ్తే అక్కడక్కడ పొలాల మధ్య పొడుగాటి షెడ్లలో బల్బులు వెలుగుతూ కనిపిస్తాయి. అవి గుడ్ల కోళ్ల ఫారాలు. రోజుకు దాదాపు 16 గంటల వెలుతురు ఉంటేనే కోడి నిలకడగా గుడ్డు పెడుతుంది. సూర్యుడు ఇచ్చే పన్నెండు గంటలకు మిగతావి కరెంటుతో కలపాలని ఫారం నడిపేవారందరికీ తెలుసు. ఇందుకు కోడికి కళ్లతో పనే లేదు. వెలుతురు పలచటి పుర్రె గుండా మెదడు లోతుల్లోకి చేరి, అక్కడి నుంచి జననాంగాలకు కబురు పంపుతుంది. 1925లో కెనడాలో విలియం రోవన్ చలికాలంలో పిచ్చుకజాతి పక్షులకు దీపాలు పెట్టి, రోజుల పొడవు పెరిగిందని వాటిని నమ్మించాడు. గడ్డకట్టే చలిలోనే వాటి బీజకోశాలు పెరిగాయి.

అంటే వెలుతురుకూ సంతానశక్తికీ చుట్టరికం పుక్కిటి పురాణమేమీ కాదు. ఆ చుట్టరికాన్ని మగవాడి అంగస్తంభన లోపం దాకా లాగవచ్చా అన్నదే చిక్కు.

ముందు మాటల సంగతి చూడాలి. ‘కాంతి చికిత్స’ అన్న ఒకే పేరు కింద ఎండ స్నానం, రంగు అద్దాల దీపం, అతినీలలోహిత కిరణాలు, తెల్లటి వెలుగుపెట్టె, ఎరుపు లేజరు, ఎల్‌ఈడీ పట్టీలు అన్నీ చేరిపోయాయి. ఒకటి చర్మాన్ని కాలుస్తుంది, ఇంకొకటి కంటి ద్వారా మెదడుకు పగలని చెబుతుంది, మరొకటి కొన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగి ఆగిపోతుంది. జబ్బు పేరులోనూ ఇలాంటి గందరగోళమే. డాక్టర్లు తప్ప ‘అంగస్తంభన లోపం’ అనేవారు తక్కువ. ఊళ్లో అది ‘నరాల బలహీనత’, లేదంటే ఉట్టి ‘వీక్‌నెస్’. నడివయసు దాటినవారిలో చాలాసార్లు అసలు దోషం రక్తనాళాలది. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్టు కలిసి సన్నటి ధమనులను ముందుగా దెబ్బతీస్తాయి. గుండెపోటుకు కొన్నేళ్ల ముందే ఇక్కడ ఇబ్బంది మొదలవడం అరుదు కాదు.

ఈ చరిత్రలో తెలుగుకు ఒక విశేష స్థానం ఉంది. జర్మనీ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే పుస్తకాన్ని 1894లో డి. వెంకటచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ఆధునిక ప్రకృతి వైద్యోద్యమం ఆ అనువాదంతోనే మొదలైందని చెబుతారు. హిందీ, ఉర్దూ అనువాదాలు తర్వాతి దశాబ్దంలో వచ్చాయి. రోగాలన్నిటికీ మూలం ఒంట్లో పేరుకున్న మలినమే అని కూనే నమ్మాడు. దాన్ని కదిలించడానికి ఆవిరి స్నానం, ఎండ స్నానం, తొట్టి స్నానం చెప్పాడు. చన్నీటి తొట్టిలో కూర్చుని జననాంగం కొనను గుడ్డతో రుద్దే స్నానం ఆయన వైద్యంలో ముఖ్యమైనది. ఒంటి నరాలన్నీ అక్కడికి వచ్చి కలుస్తాయని ఆయన లెక్క. శరీర శాస్త్రం ఆ లెక్కను ఒప్పుకోదు. అయినా తెలుగునాట ఎండకూ, మగతనానికీ, ‘నరాలకూ’ ముడివేసే ఆలోచనకు ఇలాంటి పుస్తకాలు బలం ఇచ్చి ఉంటాయని ఊహించవచ్చు. 1949లో హైదరాబాదులో డాక్టర్ బి. వెంకటరావు, విజయలక్ష్మి దంపతులు ప్రకృతి చికిత్సాలయం ప్రారంభించారు. ఒంటికి అరటాకులు చుట్టుకుని ఎండలో పడుకునే స్నానం నేటికీ ప్రకృతి చికిత్సాలయాల్లో కనిపిస్తుంది.

కాంతికి శాస్త్రీయ గౌరవం తెచ్చినవాడు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్. చర్మక్షయను కిరణాలతో నయం చేసినందుకు 1903లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గౌరవం వెనకాలే వ్యాపారమూ వచ్చింది. బొంబాయిలో పుట్టి అమెరికా చేరిన పార్సీ, దిన్‌షా ఘడియాలీ 1920లో ‘స్పెక్ట్రో-క్రోమ్’ అనే పెట్టె బయటపెట్టాడు. లోపల బల్బు, ముందు రంగు గాజు పలకలు, అంతే. పన్నెండు రంగులకు పన్నెండు రకాల గుణాలు. ఆయన పట్టికలో సింధూరపు ఎరుపు కామోద్దీపకం, జననాంగాలకు ఉత్తేజం. ఊదారంగు దానికి విరుగుడు. కాంతితో మగవాడి సమస్యకు చికిత్స అన్న మాట యంత్రం రూపంలో అమ్మకానికి వచ్చిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. 1947లో న్యూజెర్సీలో ఫెడరల్ కోర్టు ఆయన్ని దోషిగా తేల్చింది. నేటి ఎరుపు దీపాల ప్రకటనలు చూస్తుంటే సింధూరపు పలక ఎక్కడికీ పోలేదనిపిస్తుంది.

ప్రయోగశాలలో తొలి ఆశ 1939లో పుట్టింది. అమెరికాలో అబ్రహాం మైయర్సన్, రుడాల్ఫ్ న్యూస్టాట్ అతినీలలోహిత కిరణాలు పడిన పురుషుల మూత్రంలో పురుష హార్మోన్లు పెరిగాయని, జననాంగాల మీద పడితే మరింత పెరిగాయని రాశారు. చూసింది కొద్దిమందిని. ఆ రోజుల్లో హార్మోను కొలిచే పద్ధతులు కూడా మోటువే. విత్తులు తీసిన పుంజుకు మందిచ్చి, దాని జుట్టు ఎంత పెరిగిందో చూసేది వాటిలో ఒకటి. ఆ ఒక్క వ్యాసాన్నే ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఎండ ప్రచారకులు జెండాలా ఎగరేస్తున్నారు. దాని పక్కన పెట్టి చదవాల్సింది 1990 నాటి రాబర్ట్ స్టెర్న్ పరిశోధన. సొరియాసిస్‌కు సొరాలెన్ మందుతో పాటు అతినీలలోహిత కిరణాలు తీసుకున్న 892 మంది పురుషులను పన్నెండేళ్లకు పైగా గమనిస్తే, 14 మందిలో జననాంగాల మీద కణితులు కనిపించాయి. మోతాదు పెరిగేకొద్దీ ముప్పూ పెరిగింది. అప్పటి నుంచి ఆ చికిత్స చేసేటప్పుడు జననాంగాలను కప్పి ఉంచడం నియమమైంది.

ఈ కథలో అసలు మలుపు ఎవరూ ఊహించని చోట ఉంది. 1950లలో సెయింట్ లూయిస్ నగరంలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమని ముక్కలను ద్రావణంలో వేలాడదీసి, ఏ మందుకు ఎంత బిగుసుకుంటాయో కొలిచేవాడు. వెలుతురు పడితే అవి సడలుతున్నాయని ఆయన బృందం గమనించి, 1955లో ప్రచురించింది. కారణం అప్పటికి తెలియదు. 1980లో ఆయనే రక్తనాళాల లోపలి పొర ఏదో ఒక సడలింపు పదార్థాన్ని విడుదల చేస్తుందని కనిపెట్టాడు. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే చిన్న వాయువని తర్వాత తేలింది. పురుషాంగంలోని కండరాలు సడలి రక్తం నిండడానికీ అదే వాయువు కావాలని 1992లో రాజ్‌ఫర్, ఇగ్నారో బృందం చూపింది. 1998 మార్చిలో వయాగ్రాకు అమెరికా అనుమతి వచ్చింది; అదే ఏడాది ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ దక్కింది. ఆ మాత్ర నైట్రిక్ ఆక్సైడును పుట్టించదు. ఆ వాయువు పంపిన సందేశాన్ని చెరిపేసే ఎంజైమును ఆపుతుంది, అంతే. 2001 నాటికి మన కంపెనీల సిల్డెనాఫిల్ (వయాగ్రాలోని మందు) చౌకగా మందుల షాపుల్లోకి వచ్చింది. ఆనాటి మన పేటెంటు చట్టం అందుకు అడ్డురాలేదు.

ఇప్పటి ఎరుపు దీపాల వాదన ఇక్కడే ఊపిరి పోసుకుంది: వెలుతురు నాళాన్ని సడలిస్తుంది, సడలించేది నైట్రిక్ ఆక్సైడ్, కాబట్టి దీపం చాలు. గాజు తొట్టిలో వేలాడే సన్నటి ముక్క మీద వెలుతురు నేరుగా పడుతుంది. మనిషి ఒంట్లో నాళాలు చర్మం, పొరల కింద ఉంటాయి. పైగా దీపం ఆర్పిన కాసేపటికే ఆ ముక్క తిరిగి బిగుసుకునేది. షుగరు వల్ల పూడుకుపోయిన నాళాన్ని తాత్కాలిక సడలింపు ఎలా తెరుస్తుంది? ఎరుపు దీపాల వాదనకు మరో ఆధారమైన తక్కువ శక్తి లేజరు ముచ్చట 1967లో బుడాపెస్ట్‌లో మొదలైంది. ఎండ్రే మెస్టర్ గొరిగిన ఎలుకల మీద కెంపు లేజరు వేస్తే వెంట్రుకలు త్వరగా మొలిచాయి. పరారుణ దీపాలతో పాదాల తిమ్మిరి తగ్గుతుందన్న ప్రచారం అమెరికాలో బాగా సాగింది గానీ, 2006లో అక్కడి మెడికేర్ దానికి డబ్బు చెల్లించడం మానేసింది.

కొంత విలువైన ప్రయత్నం ఒకటి ఉంది. 2016లో వియన్నాలో జరిగిన సదస్సులో ఇటలీలోని సియెనా విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రియా ఫాజియోలీనీ బృందం 38 మంది పురుషుల ఫలితాలు వినిపించింది. కొందరు రెండు వారాలు రోజూ ఉదయం అరగంట 10,000 లక్సుల వెలుగుపెట్టె ముందు కూర్చున్నారు; మిగతావారికి మసక దీపం. మొదటి వర్గంలో టెస్టోస్టిరాన్ మిల్లీలీటరుకు 2.1 నానోగ్రాముల నుంచి 3.6కు చేరింది, తృప్తీ పెరిగింది. వాళ్ల సమస్య ప్రధానంగా కోరిక తగ్గడం, స్తంభన కాదు. ఎండ కరువైన ఉత్తర దేశాల చలికాలానికి ఇది వర్తించవచ్చు. శంకర్‌పల్లి చేలలో మిట్టమధ్యాహ్నం పనిచేసే రైతు మీద లక్ష లక్సుల దాకా పడుతుంది. వెలుతురే మందైతే తెలంగాణలో ఈ జబ్బే ఉండకూడదు.

ఇప్పటి వైద్య ప్రమాణాల్లో ఈ సమస్యకు వరుసగా వచ్చేవి షుగరు, బీపీ అదుపు, సిగరెట్టు మానడం, మాత్రలు, ఇంజెక్షన్లు, వాక్యూమ్ పంపు, శస్త్రచికిత్సతో పెట్టే ఇంప్లాంటు. ఆ వరుసలో కాంతికి చోటు లేదు. తెలుగు పత్రికల్లో ఈ విషయాలను మొహమాటం లేకుండా చెప్పే దారి వేసినవారిలో విజయవాడ డాక్టర్ జి. సమరం ముందుంటారు. ఆయన దశాబ్దాలుగా పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాశారు. ఆ పేజీలకు పోటీగా గోడల మీద ‘నరాల బలహీనత’ రాతలు అలాగే ఉన్నాయి.

నిజానికి ఆ రాతలు 1954 నాటి చట్టం ప్రకారం నేరం. మందులు, మాయోపాయాల అభ్యంతరకర ప్రకటనలను నిషేధించే ఆ చట్టం జాబితాలో నపుంసకత్వం ఉంది. అందులో ‘ప్రకటన’ అన్న మాటకిచ్చిన నిర్వచనం చూస్తే నవ్వొస్తుంది. కరపత్రం, లేబులు, నోటి మాటతో పాటు శబ్దంతో, పొగతో, కాంతితో చేసిన ప్రచారం కూడా ప్రకటనే అని రాశారు.