ఉసిరి వగరు వెనుక చరిత్ర
చరక సంహిత వయఃస్థాపన ద్రవ్యాలలో, అంటే ముదిమిని నిలువరించే ఔషధాలలో, ఉసిరికి అగ్రస్థానమిచ్చినప్పటికీ, ఆ కాయలోని సి విటమిన్‌ను గుర్తించే దారి, శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ 1928లో వేరుచేసిన ఆమ్లమే ఆ విటమిన్ అని 1932లో తేలిన తరువాతగాని దొరకలేదు. 1939-40లో హిస్సార్ ప్రాంతంలో వచ్చిన కరవులో, సి విటమిన్ కొరవడి చిగుళ్ల నుండి నెత్తురు కారే స్కర్వీ వ్యాధికి ఉసిరినే మందుగా వాడి మేలు పొందారు. ఎండిన ఉసిరిలోనూ ఈ విటమిన్ కొంత నిలవడానికి టానిన్లు, అంటే నాలుకకు వగరు తగిలించే పదార్థాలు, తోడ్పడతాయని శాస్త్రజ్ఞులు భావించారు. కార్తికంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు చేసే తెలుగువారు, ఆ వగరును పోనీయకుండానే, కాయలను ఉప్పు, పసుపులతో దంచి జాడీలలో ఏడాది పొడవునా నిల్వచేసుకునే నేర్పు ఈ పరిశోధనలకంటే ఎంతో పాతది.