తాళము వేసిన ఇండ్లు

ఫిబ్రవరి నెలలో ఒక ఆదివారమున కోసిగి వైపు ఏదైన పల్లెలోనికి వచ్చి చూడుము. వీధి పొడవునా తలుపులకు తాళములే. అరుగు మీద ఒక అవ్వ, ఆమె ప్రక్కన ఇద్దరు మనుమలు, గుంజకు కట్టిన ఒక మేక. "అందరెక్కడికి పోయినారమ్మా?" అని అడిగితిమా, "సుగ్గికి పోయినారయ్యగారూ, ఉగాదికొస్తారు" అనును. ఆ పూట ఆరాధనకు వచ్చువారు కూడ ఆ అవ్వ వంటివారే.

సుగ్గి అనగా కన్నడములో కోతకాలము. సరిహద్దు దాటి వచ్చిన ఆ మాటకు మన ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతములలో వేరొక అర్థము కలిగినది. మన చేలలో కోత లేదు గనుక ఒకరి చేల కోతకు పోవుటయే మనకు సుగ్గి. మేస్త్రీ వద్ద ముందుగా కొంత రొక్కము తీసికొని, రాత్రివేళ లారీ ఎక్కి, గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకును ప్రత్తి తీయుటకును పోవుదురు. తెలంగాణకు పోవువారును, బెంగుళూరులో ఇండ్లు కట్టు పనికి పోవువారును కలరు. చేని గట్టున పట్టలు కట్టుకొని, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకొని, మూడు నాలుగు నెలలు గడుపుదురు. చంకబిడ్డలు వెంట పోవుదురు. బడి యీడు పిల్లలు కొందరు అవ్వల వద్దను, కొందరు ప్రభుత్వము ఆ నెలల కొరకు నడుపు వసతిగృహములలోను ఉందురు. మోయాబు నుండి వచ్చిన రూతు పరుల చేలో పరిగె యేరుకొన్న కథను ఈ అవ్వలకు నేను వివరింప నక్కరలేదు. వారే నాకు వివరింపగలరు.

పట్టణములోని పెద్దలు కొందరు, "పల్లెవారికి ఊరు పట్టదు, రొక్కము రుచి మరగినారు" అందురు. ఆ మాట నేనొప్పను. మన సీమలో ఊరు విడుచుట నిన్న మొన్న పుట్టినది కాదు.

ధాత సంవత్సరమున, అనగా 1876లో, నైరుతి వానలు తప్పినవి, ఈశాన్యపు వానలును తప్పినవి. మరి రెండేండ్లు కరవు కాల్చినది. 1871 లెక్కలో కర్నూలు జిల్లా జనము 9 లక్షలకు పైగా ఉండగా 1881లో సుమారు 7 లక్షలు మాత్రమే. నలుగురిలో ఒకరు లేరు! కడప జిల్లా 13 లక్షల 50 వేల నుండి సుమారు 11 లక్షల 20 వేలకు దిగినది. చచ్చినవారెందరో, లేచిపోయినవారెందరో ఆ అంకెలు చెప్పవు. 1901 నాటికి కూడ ఈ రెండు జిల్లాలలో 1871 నాటి సంఖ్య నిండలేదు. ముప్పది యేండ్లు!

ఆ దినములలో సర్ రిచర్డ్ టెంపుల్ అను దొర కరవు పనులలో రాళ్లు కొట్టు మగవానికి రోజునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయించెను. పౌను అనగా అరకిలో కంటె తక్కువ. మద్రాసులోని వైద్యాధికారి డాక్టరు కార్నిష్ ఇది మనిషిని నిలువదని పోరాడగా 1877లో కూలి కొంత పెంచిరి. ఒంగోలులో క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వకము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపెను. చుట్టుప్రక్కల నుండి వేలమంది నడిచి వచ్చిరి.

నీరున్నచోటికి మనుష్యులు పోవుదురు, అంతే. సుంకేసుల నుండి కర్నూలు-కడప కాలువను ఒక కంపెనీ త్రవ్వించగా, ప్రభుత్వము 1882లో దానిని కొనెను. నంద్యాల వైపు పొలములు నేటికిని దానిచే పచ్చగానున్నవి. పడమటి తాలూకాలకు ఆ భాగ్యము లేదు. తుంగభద్ర దిగువ కాలువ ఆదోని దాక వచ్చినది గాని చివరి ఊళ్లకు నీరు చాలదు. నీళ్లు లేక కాదు, నీళ్లు వచ్చి ఊరు విడిచినవారును మనలోనున్నారు. శ్రీశైలము జలాశయము కొరకు 1981లో కృష్ణ ఒడ్డున పల్లెలను ఖాళీ చేయించిరి.

ఇట్లు లేచినవారిలో కొందరు తిరిగి రారు. పట్టణములు వారితోనే పెరిగినవి. 1901లో కర్నూలు పట్టణమున సుమారు 25 వేల మంది. 2011లో 4 లక్షలు దాటిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమునకు రాజధానియై డేరాలలో కచేరీలు నడిపిన ఆ పట్టణము 1956లో రాజధానిని పోగొట్టుకొన్నది గాని జనమును పోగొట్టుకొనలేదు. కడపలో 3 లక్షల 40 వేలు దాటిరి. నాటి కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతముల స్త్రీలు కువైటులో పరుల ఇండ్లలో పనిచేసి, పంపిన రొక్కముతో ఇక్కడ మిద్దెలు కట్టించిరి. ఆ మిద్దెలకును తాళములే.

నాటికిని నేటికిని భేదమొకటి కలదు. నాడు కరవు వచ్చినపుడు పోయిరి; నేడు ప్రతి యేటను పోవుదురు. తిరిగి వత్తురు గనుక ఎవరికిని పోయినట్లు కనబడరు. కైసరు ఔగుస్తు లెక్క వ్రాయించినప్పుడు యోసేపు తన స్వగ్రామమునకు పోయెను. మన దేశములోనో, 2011లో లెక్కవారు ఫిబ్రవరి 9 మొదలు 28 వరకు తిరిగిరి. అది నడి సుగ్గి. ఆ దినములన్నిటను ఇంట లేనివాడు స్వగ్రామములో లెక్కకు రాడు. ఎక్కడ కనబడునో అక్కడనే వ్రాయవలెనని విధి. చేని గట్టున పట్ట క్రింద ఉన్నవానిని ఎవరు వెదకిరి?

కాబట్టి లెక్కలు జరుగు ఏట సుగ్గికి పోవువారలారా, ఆ పరాయి ఊరిలోనే లెక్క వ్రాయు పంతులును మీరే పిలిచి, చంకబిడ్డతో సహా అందరి పేర్లును చెప్పుడి. పోకముందు మీ సంఘ కాపరికి ఏ ఊరికి, ఏ మేస్త్రీతో పోవుచున్నారో చెప్పి పొండి. నా సంఘపు పట్టీలో ఆ నెలలలో పేరు కొట్టివేయను. దాని ప్రక్కన ఊరి పేరు వ్రాసికొందును. మొన్న ఆ పట్టీ తీసి చూడగా నలుబది మూడు పేర్ల ప్రక్కన గుంటూరు పల్లెలే ఉన్నవి.