పెరటి టమాటా: పిలకల తొలగింపు, పరాగ సంపర్కం

టమాటా (రామములగ) పువ్వులో కేసరాలు, అండకోశం రెండూ ఉంటాయి కనుక ఆత్మపరాగ సంపర్కం జరుగుతుంది. అయితే పుప్పొడి గొట్టంలా కలిసి ఉన్న పరాగకోశాల లోపల ఉండి, పువ్వు కదిలినప్పుడే రాలుతుంది. ఆరుబయట గాలి ఈ పని చేస్తుంది. తుమ్మెదలు తమ ఝంకారపు ప్రకంపనలతో ఇంకా బాగా చేస్తాయి. తేనెటీగలకు ఈ నేర్పు లేదు. గాలి ఆడని బాల్కనీలలో పూత నిండుగా ఉన్నా కాయ నిలవకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అక్కడ ఉదయం పది గంటల తరువాత పూగుత్తి కాడను వేలితో మెల్లగా తట్టాలి. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే మాత్రం ఎంత తట్టినా పూత రాలుతుంది.

పూసా రూబీ వంటి ఎత్తు పెరిగే రకాలలో ఆకు కాడకు, కాండానికి మధ్య మొలిచే పిలకలను లేతగా ఉండగానే గిల్లివేస్తారు. పూసా ఎర్లీ డ్వార్ఫ్ వంటి పొట్టి రకాలకు ఇది పనికిరాదు. వాటి కాపు చాలావరకు ఆ పిలకలపైనే ఉంటుంది.